షికాగోలో టైమ్ మారితే గాజువాకలో ఏమవుద్దంటే (నా అనుభవం)

మన దేశంలో గడియారాలు ఎవరూ ముందుకీ వెనక్కీ తిప్పరు కదా, మరి ఏడాదికి రెండు సార్లు మీ ఇంట్లో ఈ గోలేంటి అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు, ఒక్కసారి మొత్తం రాసి పెట్టుకుంటే అడిగినోళ్ళకి ఇదే పంపేయొచ్చని కూర్చున్నా. నేను మధురవాడ వైపు ఒక ఆఫీసులో మెడికల్ కోడింగ్ క్వాలిటీ టీమ్‌లో పనిచేస్తా, అంటే అమెరికా ఆసుపత్రుల్లో పేషెంట్ల చార్టులు (వైద్యం రికార్డులు) చూసి బిల్లు కోసం వేసే కోడ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని. ఉండేది గాజువాక. మా ఆయనది స్టీల్ ప్లాంట్, ఏ బీ సీ షిఫ్టులు. నాది షికాగో షిఫ్టు, అంటే అక్కడి క్లయింట్ ఆఫీసు టైమే నా డ్యూటీ టైము. కోడింగ్ చేసేవాళ్ళకి ఎక్కువగా పగటి డ్యూటీలే ఉంటాయి గానీ మా క్వాలిటీ వాళ్ళం మాత్రం క్లయింట్ తన సీట్లో ఉన్నంతసేపూ మేమూ ఉండాలి, డౌట్లు అప్పటికప్పుడే అడిగి తేల్చుకోవాలి కాబట్టి.

లెక్క సింపులే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. మనం కదలం, గ్రీనిచ్ టైమ్‌కి అయిదున్నర గంటలు ముందు, ఏడాదంతా ఆ 5:30 దగ్గరే ఉంటాం. కాబట్టి షికాగోకీ మనకీ తేడా ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర. వాళ్ళ ఉదయం 8 గంటలంటే మాకు ఒకప్పుడు సాయంత్రం 6:30, ఇంకోప్పుడు 7:30. లాగౌట్ కూడా అంతే, తెల్లవారుజామున 3:30 అయ్యేది 4:30 అవుద్ది. కాగితం మీద ఒక గంట. అంతే కదా అంటారు అందరూ, మా ఆడపడుచు కూడా అదే అంది, వాళ్ళింట్లో ఎవరూ నైట్ డ్యూటీలు చెయ్యరు మరి.

తమాషా ఏంటంటే అమెరికా వాళ్ళకి ఈ మార్పు నిద్రలో జరిగిపోద్ది, రాత్రి రెండు గంటలకి, పైగా ఆదివారం, ఇంకో గంట పడుకోవచ్చని నవంబర్‌లో సంబరంగా కూడా ఉంటారు. అదే క్షణం మనకి ఆదివారం మధ్యాహ్నం, నవంబర్‌లో అయితే 12:30, మార్చిలో అయితే 1:30. అంటే వాళ్ళ గడియారం తిరిగే టైమ్‌కి నేను వంటింట్లో చేపల పులుసు దించుతుంటా. కానీ మా ఆఫీసులో ఆదివారం పగలు కూడా కొంతమంది ఉంటారు, ఆసుపత్రి ఎమర్జెన్సీ ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది కదా, ఆ చార్టులు చూసేవాళ్ళు. నవంబర్‌లో ఆ డ్యూటీ పడ్డవాళ్ళకి స్క్రీన్ మీద ఒంటిగంట రెండుసార్లు వస్తది. 1:59 అయ్యాక 2 రాదు, మళ్ళీ 1:00.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మా పనిలో నాకు బాగా ఇష్టమైన చిక్కు ఇదే. సెలైన్‌లో కలిపి మందు ఎక్కించడానికి బిల్లు వెయ్యాలంటే ఎప్పుడు మొదలెట్టారు, ఎప్పుడు ఆపారు అని నర్సు రాసిన రెండు టైములూ ఉండాలి. మొదటి గంట వరకూ ఒక కోడ్, 96365. ఆ తర్వాత ఇంకో గంట అని చూపించాలంటే 96366, అది కూడా గంట దాటాక ఇంకా 30 నిమిషాల కంటే ఎక్కువ నడిస్తేనే, అంటే మొత్తం మీద 91 నిమిషాలైనా ఉండాలి. ఇప్పుడు నవంబర్ ఆదివారం చార్టులో 12:45కి మొదలు, 1:30కి ఆపారు అని ఉందనుకోండి. చూడగానే 45 నిమిషాలు, ఒక్క కోడ్ వేసి పక్కన పెట్టేస్తారు ఎవరైనా. కానీ ఆ 1:30 మొదటి 1:30నా, రెండోదా? రెండోదైతే మందు ఎక్కింది గంటా నలభై అయిదు నిమిషాలు, రెండు కోడ్లూ రావాలి, ఆసుపత్రికి డబ్బులు పోయినట్టే. మార్చిలో దీనికి రివర్సు. 1:30కి మొదలు, 3:20కి ఆఖరు అని ఉంటది, తీసివేస్తే గంటా యాభై, అదనపు గంట వేసేద్దామనిపిస్తది, కానీ ఆ రోజు 2 గంటలనేదే లేదు, 1:59 తర్వాత నేరుగా 3:00, కాబట్టి అసలు ఎక్కింది 50 నిమిషాలు. అదనపు గంట వేసి పంపితే అది జరగని వైద్యానికి బిల్లు వేసినట్టు. ఆడిట్‌లో దొరికితే అంతే సంగతులు.

ఇంకా విడ్డూరంగా 1:50కి లోపలికి తీసుకున్నారు 1:20కి పంపేశారు అని కూడా ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపించి ఆపేస్తది, పేషెంట్ రాకముందే వెళ్ళిపోయాడంటది. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు ఈ తలనొప్పి పడలేక ఆ గంటసేపూ కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం మీద రాసుకుంటాయి. రాకెట్లు పంపే దేశం. మేమైతే ఏం చేస్తామంటే ఆ ఆదివారం తేదీ ఉన్న చార్టులన్నీ విడిగా ఒక క్యూలోకి లాగేస్తాం, మందు టైములు పక్కన మందుల గది నుంచి తీసిన టైముతో, బీపీ చూసిన టైములతో పోల్చి చూస్తాం, అప్పటికీ తేలకపోతే డాక్టర్‌కి క్వెరీ పెడతాం. ఊహించి వెయ్యకూడదు. కొత్తగా జాయినైన పిల్లలకి ట్రైనింగ్‌లో ఇది నేనే చెప్తా, పగలు పన్నెండున్నరకి వైజాగ్‌లో ఎండలో కూర్చుని అర్ధరాత్రి దాటిన రెండు ఒంటిగంటల గురించి చెప్తుంటే వాళ్ళ మొహాలు చూడాలి.

సరే ఆఫీసు గోల అది. అసలు పని రెండు వారాల ముందు మొదలవుద్ది, రోస్టర్‌తో. మా ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి కొత్త టైములు రాసి పంపాలి, వాళ్ళు రూట్లు మళ్ళీ వేస్తారు. ఇక్కడ ఎవరికీ తట్టని విషయం ఒకటుంది, లాగిన్ గంట జరిగితే పికప్ సరిగ్గా గంట జరగదు. ఎండాకాలం 6:30 లాగిన్‌కి నన్ను 5 గంటలకి ఎక్కించుకుంటారు. నవంబర్ నుంచి 7:30 లాగిన్, అంటే 6కి రావాలి కదా, రాదు, 5:45కే హారన్ కొడతాడు, ఎందుకంటే ఆ టైమ్‌లో ఎన్ఏడీ దగ్గరా మద్దిలపాలెం దగ్గరా ట్రాఫిక్ ఎక్కువ, హనుమంతవాక దాటేసరికి తల ప్రాణం తోకకొస్తది. అలా ఒక పావుగంట ఎవరి ఖాతాలోనూ పడకుండా గాల్లో కలిసిపోద్ది. తిరిగొచ్చేటప్పుడు ఆ బాధ లేదు, రోడ్డంతా మాదే, ఆడవాళ్ళం ఉన్నామంటే ముందు సీట్లో గార్డు కూర్చుంటాడు, పాపం ఆయనా కునికిపాట్లే. 3:30 లాగౌట్ అయితే నాలుగున్నరకి ఇల్లు, 4:30 అయితే అయిదున్నరకి.

ఈ నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య ఎంత తేడా ఉంటదో రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకే తెలుస్తది. నాలుగున్నరకి అయితే వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేవరు. చెప్పులు చేత్తో పట్టుకుని తాళం తీసి, మొహం కడుక్కుని, కర్టెన్ లాగి పడుకుంటే, జూన్‌లో మనకి అయిదుంపావు దాటగానే సూర్యుడొచ్చేస్తాడు గానీ అప్పటికే నేను మంచి నిద్రలో ఉంటా. అదే నవంబర్‌లో అమెరికా వాళ్ళు టైమ్ వెనక్కి తిప్పే రోజులు, మనకి దాదాపుగా కార్తీక మాసం. మా అత్తగారు నాలుగింటికే లేచి తలస్నానం చేసి దీపం పెట్టి, సోమవారమైతే శివాలయానికి తయారైపోతారు. నేను అయిదున్నరకి గేటు తీసేసరికి ఆవిడ ఎదురొస్తారు, చేతిలో అరటిదొప్ప, వత్తులు. మొదటిసారి చూసి "ఏటమ్మా, మళ్ళీ ఆళ్ళు టైం మార్చీసారేటి?" అన్నారు, అప్పట్నుంచి ఆవిడకి కూడా ఇదో పంచాంగం అయిపోయింది, కార్తీకం దగ్గరకొస్తుంటే "ఎప్పుట్నుంచే నీకు గంట లేటు" అని ముందే అడుగుతారు. పాల ప్యాకెట్లు ఆ టైమ్‌కే వస్తాయి, నేనే అందుకుని లోపలికి తెస్తా. ఆవిడ కాఫీ ఇస్తారు, వద్దనలేను, తాగితే నిద్ర రాదు.

కార్తీకం ఎలాగో గడిచిందనుకుంటే డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం. మా వీధి చివర రామాలయం మైకులో తిరుప్పావై అయిదింటికే మొదలు. నేను పక్క మీద వాలేసరికి అది అయిపోయి ప్రసాదం పిలుపు నడుస్తుంటది. తర్వాత హరిదాసు, తర్వాత కూరగాయల బండి రికార్డింగు. భక్తి లేక కాదు, కానీ చెవుల్లో దూది పెట్టుకునే భక్తి నాది ఆ నెలంతా.

అంటే నవంబర్ మార్పు చెడ్డదని కాదు, అదే చెప్పాలని ఇదంతా రాస్తున్నా. మా టీమ్‌లో అందరూ నవంబర్ అంటే తిడతారు, నాకు మాత్రం మార్చి అంటేనే ఒళ్ళు మండుద్ది. ఎందుకంటే మా వాడు మూడో క్లాసు, బడి నుంచి నాలుగింటికి వస్తాడు. ఎండాకాలం షిఫ్టులో 5కి క్యాబు అంటే వాడు బూట్లు విప్పి, ఏదో తిని, టీచర్ ఏమందో చెప్పడం మొదలెట్టేసరికి నేను బ్యాగు సర్దుకుంటుంటా, సగం కథ వాట్సాప్ వాయిస్‌లో వింటా ఎన్ఏడీ దగ్గర. చలికాలం షిఫ్టులో నాకు ఇంకో ముప్పావుగంట దొరుకుద్ది. ఆ ముప్పావుగంటలో ఎక్కాలు అప్పజెప్పించుకుంటా, తల దువ్వుతా, ఒక్కోరోజు ఏమీ చెయ్యం, మేడ మీద గాలిపటం. డిసెంబర్‌లో అయిదున్నరకే పొద్దుగుంకిపోద్ది కాబట్టి దాని తోకే కనపడదు చివరికి. అమెరికా వాళ్ళు సాయంత్రం వెలుగు కోసం గడియారం జరుపుకుంటున్నారు, బాగానే ఉంది, వాళ్ళ పిల్లలతో వాళ్ళు ఆడుకుంటారు, కానీ ఆ గంట నా దగ్గర మాత్రం మా వాడి సాయంత్రంలోంచి కోసినట్టవుద్ది. నిద్ర అయితే పగలు ఎప్పుడో ఒకప్పుడు పూడ్చుకోవచ్చు.

ఒంటికి అలవాటు చేసుకోవడం గురించి కూడా అడుగుతారు. నేను చేసేది పెద్దేమీ లేదు, మార్పు ఆదివారానికి నాలుగైదు రోజుల ముందు నుంచి పడుకునే టైమూ తినే టైమూ రోజుకో పావుగంట చొప్పున జరుపుకుంటూ పోతా. నిద్ర కంటే తిండే ఎక్కువ సతాయిస్తది నన్ను. బ్రేక్ వాళ్ళ మధ్యాహ్నం పన్నెండుకి, అంటే మనకి పదిన్నరకి తినేదాన్ని పదకొండున్నరకి తింటే ఆ మొదటి వారం కడుపులో మంట, అందుకని తొమ్మిదింటికి ఒక అరటిపండో, గుప్పెడు వేరుశనగలో నోట్లో వేసుకుంటా. రాత్రి రెండు దాటాక టీ ముట్టను. మందపాటి కర్టెన్ పూర్ణా మార్కెట్ దగ్గర గుడ్డ కొని కుట్టించుకున్నా, నల్లది, మా మావయ్య గారు చూసి ఇది బ్లాక్ అవుట్ కర్టెనా అన్నారు.

ఆయన అలా ఎందుకన్నారంటే, వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో హార్బర్‌లో పనిచేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి, ఆ తర్వాత ఊళ్ళో కిటికీలకి నల్ల కాగితాలు, దీపాలకి మూతలు. అదే ఏడు సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో కూడా గడియారం గంట ముందుకి జరిపారు, 1945 అక్టోబర్ 15 వరకూ అలాగే ఉంచారు, అంటే మూడేళ్ళ పైన ఆరున్నర మీద నడిచాం. మనం ఎప్పుడూ తిప్పలేదు అనేది తప్పన్నమాట. అసలు ఈ పద్ధతిని ఒక దేశం మొత్తం మీద మొదట పెట్టిందే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 ఏప్రిల్ 30న జర్మనీ, బొగ్గు పొదుపు కోసం, మూడు వారాలకి బ్రిటన్ కూడా. మావయ్య గారు చెప్పేది ఏంటంటే వాళ్ళ నాన్నకి ఆ మూడేళ్ళూ హార్బర్ సైరన్ ఒక టైమ్ చెప్పేది, ఇంట్లో వంట, పూజ ఇంకో టైమ్‌కి నడిచేవట. మా ఇంట్లో ఇప్పుడూ అంతే అని అత్తగారు వెంటనే అందుకున్నారు.

నిజానికి మనకి అవసరం లేదు కూడా. వైజాగ్‌లో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే, జూన్‌లో పదమూడు గంటల పైన, డిసెంబర్‌లో పదకొండు. షికాగోలో జూన్‌లో పదిహేను దాటుద్ది, డిసెంబర్‌లో తొమ్మిదే. అంత ఊగే చోట జరుపుకోవాలనిపిస్తదేమో, నేనైతే వాళ్ళని ఆ విషయంలో ఏమీ అనను.

అనాల్సింది ఆ మధ్య వారాల గురించి. మా క్లయింట్ వాడే ఒక సాఫ్ట్‌వేర్ సపోర్టు వాళ్ళు మాంచెస్టర్‌లో ఉంటారు, బుధవారం అందరికీ కలిపి ఒక కాల్, షికాగోలో ఉదయం 9. మామూలుగా మాంచెస్టర్‌కి అది మధ్యాహ్నం 3. కానీ బ్రిటన్, యూరప్ వాళ్ళు మార్చి ఆఖరి ఆదివారం వరకూ కదలరు, అక్టోబర్‌లో కూడా ఆఖరి ఆదివారమే వెనక్కి తిప్పేస్తారు, అమెరికా కంటే వారం ముందు. కాబట్టి మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం, వాళ్ళకి అదే కాల్ 2 గంటలకి పడుద్ది, వాళ్ళ లంచ్ అయీ అవ్వకుండా. మార్చిలో మాకేమో 8:30 అలవాటైన కాల్ 7:30 అయిపోద్ది. మా సీనియర్ ఒకావిడ అంటారు 2007 ముందు అక్టోబర్ తేదీ ఇద్దరికీ ఒకటే ఉండేదని, అది నిజమే, అమెరికా 2005లో చట్టం చేసి 2007 నుంచి మార్చిలో ముందుకి, నవంబర్‌లోకి వెనక్కి సాగదీసింది, అక్కడ తెగింది తాడు.

క్యాలెండర్ ఇన్వైట్ ఎవరు పంపారో చూసుకోవాలి, ఇది గట్టిగా చెప్తున్నా. షికాగో వాళ్ళు పంపితే మనకి అదంతట అదే జరుగుద్ది. మన వైపు నుంచి ఇండియా టైమ్‌లో పెట్టి పంపితే మనకి 7:30కే నిలబడి ఉంటుంది, వాళ్ళకి నవంబర్‌లో 8 అయిపోద్ది, ఎవరూ రారు, మీటింగ్‌లో మన మొహాలే మనకి కనపడతాయి. అందుకే మా టీమ్‌లో ఇప్పుడు రిపీట్ మీటింగులన్నీ క్లయింట్ వాళ్ళ చేతే పెట్టించుకుంటాం. మెయిల్‌లో టైమ్ రాసేటప్పుడు కూడా ఊరి పేరు రాస్తాం, షికాగో 9, వైజాగ్ 7:30 అని పక్కపక్కనే.

ఆ కాల్‌లో నాకు ఇష్టమైన మనిషి ఒకావిడ ఉంటారు, వాళ్ళ ఆడిటర్, ఫీనిక్స్‌లో. అరిజోనాలో చాలావరకు గడియారం ముట్టుకోరు, ఉన్న ఎండ చాలు, సాయంత్రం ఇంకో గంట ఎందుకని. మనలాగే ఆవిడ గడియారం కదలదు, కాబట్టి మనలాగే ఆవిడ కాల్ కదులుద్ది, ఎండాకాలం ఉదయం 7, చలికాలం 8. నవంబర్ మొదటి బుధవారం కాల్‌లో నేనూ ఆవిడా ఇద్దరమే హుషారుగా ఉంటాం, మిగతావాళ్ళంతా ఆవలింతలు.

ఇది తీసేస్తారు తీసేస్తారు అని వింటూనే ఉన్నాం. 2019లో యూరప్ పార్లమెంటు మానేద్దామని ఓటేసింది, దేశాల మధ్య కుదరక ఆగింది. 2022 మార్చిలో అమెరికా సెనేట్ ఏడాదంతా ఎండాకాలం టైమే ఉంచేద్దామని బిల్లు పాస్ చేసినప్పుడు మా ఫ్లోర్‌లో స్వీట్లు పంచేశారు, కింది సభలో అది ఓటింగ్‌కే రాలేదు. నేను స్వీటు తిన్నా గానీ మనసులో మాత్రం కంగారుగానే ఉంది, ఏడాదంతా ఎండాకాలం టైమంటే ఏడాదంతా 5కి క్యాబు అని అర్థం కదా.

ఇంక మిగిలింది డబ్బుల సంగతి. మా దగ్గర నైట్ అలవెన్స్ రెండు రకాలు, లాగౌట్ 4 లోపు అయితే ఒక రేటు, 4 దాటితే ఇంకో రేటు, ఎక్కువ. కాబట్టి నవంబర్ నుంచి మార్చి దాకా మాకు రెండో రేటు రావాలి. జీతం స్లిప్పులో మాత్రం ఏడాదంతా మొదటి రేటే ఉంటది, అడిగితే మీ షిఫ్ట్ కోడ్ మారలేదు కదా అంటారు, షిఫ్ట్ కోడ్ షికాగో టైమ్‌లో ఉంది సార్ అది మారదు, మారేది మేము ఇంటికెళ్ళే టైము అని మెయిల్ పెట్టాం, క్యాబ్ లాగ్‌షీట్లు కూడా జతచేశాం. పరిశీలిస్తున్నాం అని జవాబొచ్చింది. ఈలోపు మార్చి వచ్చేస్తది, లాగౌట్ మళ్ళీ 3:30 అవుద్ది, ఇప్పుడు ఇష్యూ లేదు కదా అని టికెట్ మూసేస్తారు, మేము నవంబర్‌లో మళ్ళీ తెరుస్తాం.